వేడిని దాచిన మనిషి

ఆమె చనిపోయిన సంగతి నాకు విరుదునగర్ బస్టాండులో తెలిసింది. చెప్పినాయన మా దూరపు చుట్టం. కడంబూరు దారిలో ఒక పల్లెలో మెట్ట సేద్యం చేస్తాడు. వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడుకున్నాక, బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి అన్నాడు.

"చెప్పడం మరిస్తి బావా. మా ఊరి కాలనీలో చెయ్యి కాలిన ఆయమ్మ ఉండ్లా? పోయిన వారం పోయింది."

"ఆమె పేరేమి?" అని అడిగాను.

"పేరా? ఏమో బావా. మేము ఆయమ్మ అనే అంటాము." బస్సు కదిలింది.

నాకూ తెలియదు. కాలనీ అంటే మా వైపు ఊరికి దూరంగా ఉండే దళితవాడ. నేను కరెంటు ఆఫీసులో ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగ్ తీసే ఉద్యోగం చేశాను. తొంభైల్లో ఏడెనిమిదేళ్ళ పాటు రెండు నెలలకొకసారి ఆ ఊరికి వెళ్ళి, ఆమె గుడిసె ముందున్న వేపచెట్టు నీడలోనే మోపెడ్ ఆపేవాణ్ణి. మా రికార్డులో ఆ గుడిసె ఆమె చనిపోయిన భర్త పేరు మీద ఉండేది. ఆమె పేరు అడగవలసిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు.

ఆమెకప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేది. గుమ్మం ముందు కూర్చుని మైదా గంజితో అగ్గిపెట్టెల డబ్బాలు అంటించేది. మా కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో అప్పుడు సగం ఇళ్ళ బతుకు అదే. అయితే రోజంతా అగ్గిపెట్టెలు చేసే ఆ మనిషి ఒక్క అగ్గిపుల్ల గీయడం నేనెన్నడూ చూడలేదు. పొద్దున వంట కాగానే నిప్పు కణికలను పొయ్యి మూలకు లాగి, మీద బూడిద కప్పి, దాని మీద పగిలిన పెంకు ఒకటి బోర్లించేది. సాయంత్రం పెంకు తీసి రెండుసార్లు ఊదితే చాలు.

"వేడికి పారిపొయ్యే గుణం సామీ. పట్టుకోని కట్టెయ్యాల," అనేది. ఏదో తప్పించుకు తిరిగే మేక గురించి చెప్పినట్టుగా చెప్పేది.

ఆమెకు ప్రతి వస్తువునూ ఎడమచేతి వెనక వైపుతో తాకి చూడడం అలవాటు. కుండను, గోడను, రాయిని, ఎండలో ఆరేసిన గుడ్డను, అన్నిటినీ అలాగే. అరచేయి అబద్ధం చెబుతుందట, పని చేసి చేసి మొద్దుబారి ఉంటుందట. ఒకసారి నా మోపెడ్ ఇంజనును అలాగే తాకబోయి, తాకకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంత వేడి ఊరికే గాలికి పోతా ఉండాదే సామీ!" అంది. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. లోపలికి పోయి, మసిపట్టిన చిన్న చెంబు నిండా నీళ్ళు తెచ్చి సైలెన్సరుకు ఆనించి పెట్టింది. నేను వీధిలో రీడింగులన్నీ తీసుకుని తిరిగొచ్చేసరికి ఆ నీళ్ళు గోరువెచ్చగా అయ్యాయి. వాటితో ఆమె గంజి ముంత కడుక్కుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు వచ్చినా ఆ చెంబు సిద్ధంగా ఉండేది. నేను ఆఫీసుకు పోయి ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేవాణ్ణి. "ఆ ఊరి కాలనీలో మనకంటే పెద్ద ఇంజనీరు ఒకామె ఉంది" అనేవాణ్ణి.

మా వైపు చలిని మిగతావాళ్ళు చలిగా ఒప్పుకోరు. మంచు పడదు, పళ్ళు కొట్టుకోవు. అయితే కార్తీక, మార్గళి నెలల్లో వాన పట్టుకుంటే నల్లరేగడి నేల నీళ్ళు తాగి తాగి చల్లబడుతుంది. మట్టిగోడలు చెమరుస్తాయి, తాటాకు కప్పు తడిసి బరువెక్కుతుంది. కట్టెలు తడిసి పొగే తప్ప మంట ఉండదు. రేషను కిరసనాయిలు నెల మొదట్లోనే అయిపోతుంది. ఆ రెండు నెలలు గట్టెక్కడానికి ఆమె మిగతా పది నెలలూ సిద్ధపడేది. సీమతుమ్మ కంప నరికి, ఎండబెట్టి, కట్టలు కట్టి అటక మీద పేర్చేది. ఉత్తరపు గోడ సందుల్లో పత్తి కట్టెలు కుక్కి మట్టి మెత్తేది. పొయ్యిని గుడిసె నడిమి గోడకు ఆనించి వేసుకుంది. రాత్రి ఆ గోడకు అవతలి వైపున పడుకుంటే తెల్లారేదాకా వీపు వెచ్చగా ఉంటుందని చెప్పేది.

అన్నిటికంటే ఆమెకు గర్వం ఒక గంపను చూసుకుని. మిల్లువాళ్ళు పారేసే దూది చెత్తను ఏరి తెచ్చి, ఆ గంప లోపల చుట్టూ దిట్టంగా పరిచింది. అన్నం రెండు పొంగులు రాగానే కుండను దించి అందులో పెట్టి, మీద గోనెపట్ట కప్పేది.

"పొయ్యి సగం వండితే సాలు సామీ. మిగిలిన సగం గంపే వండుతుంది. దానికి కట్టె అక్కర్లే."

ఆమె నాతో మాట్లాడింది తెలుగు. మా ఇంట్లో మేము మాట్లాడేదీ అదే తెలుగు, అరవం కలిసిన తెలుగే. అయినా నేను ఆమెకు ఎప్పుడూ అరవంలోనే జవాబు చెప్పాను. కాలనీలో నా ఇంటి భాష మాట్లాడితే ఏదో చుట్టరికం కలుపుకున్నట్టవుతుందని నాకు లోపల ఉండేది. అక్కడ నీళ్ళు తాగేవాణ్ణి కాను. ఆమె కూడా ఎప్పుడూ ఇవ్వచూపలేదు. ఆమెకు తెలుసు. మోపెడ్ ఆపడానికి నీడ పనికొచ్చింది, అంతే.

పేదల గుడిసెలకు అప్పట్లో సర్కారు ఒక బల్బు కరెంటు ఉచితంగా ఇచ్చేది. మీటరు ఉండదు. ఒకటే బల్బు, అదీ చిన్నది వాడాలన్నది షరతు. ఊరికే వచ్చిన ఆ వెలుతురును కూడా ఆమె పొదుపుగా వాడేది. మాట్లాడుకునేటప్పుడు ఆర్పేసేదట. "మాటకు ఎలుతురు ఏంటికి?" అని నన్ను అడిగింది. అంత జాగ్రత్త మనిషి మీద నేను దొంగతనం అంటగట్టాను.

ఆ ఏడాది మాకు కొత్త అధికారి వచ్చాడు. గుడిసెల కనెక్షన్లలో జనం పెద్ద బల్బులు పెడుతున్నారనీ, కొందరు బల్బు వేడితో కోడిపిల్లలు పెంచి వ్యాపారం చేస్తున్నారనీ, అలాంటివి కనబడితే అక్కడికక్కడే ఫ్యూజు తీసేయమనీ చెప్పాడు. ఎవరు ఎన్ని పట్టుకున్నారో వారానికొకసారి అందరి ముందూ చదివేవాడు. మొదటి రెండు వారాలూ నా పేరు పక్కన ఏమీ లేదు. మూడోవారం నేను బయలుదేరినప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే.

మార్గళి నెల. మూడు రోజులుగా ముసురు. ఆ పొద్దున మా ఇంట్లో నేను కరెంటు కాయిలుతో కాగిన వేడినీళ్ళు రెండు బకెట్లు పోసుకుని బయలుదేరాను. ఆ కాయిలుకు కరెంటు మా మీటరులోంచి రాదు. మీటరుకు ముందు నుంచే ఒక తీగ లాగి పెట్టుకున్నాను. నా ఉద్యోగంలో అది పెద్ద విద్య కాదు. ఈ మాట ఇంతవరకూ నేను ఎవరితోనూ చెప్పలేదు.

వేపచెట్టు కింద మోపెడ్ ఆపేసరికి పదకొండు గంటలు. ఆమె గుమ్మం ముందు లేదు. తడిసిన తాటాకు తడిక సందుల్లోంచి పసుపుపచ్చని వెలుతురు, చిన్న బల్బుది కాదు, బయటికి కొడుతోంది. నాకు దొరికిందనుకున్నాను. సంతోషమే కలిగింది. గట్టిగా పిలిచాను.

ఆమె తడిక కొంచెం తీసి, ఆ సందుకు అడ్డంగా నిలబడింది. జుట్టు రేగి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లోపల ఎన్ని వాట్ల బల్బు?" అరవంలో అడిగాను.

"తెలీదు సామీ. పెద్దది. అంగట్లో అడిగి కొంటి."

"కోడిపిల్లలా?"

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపింది. "బిడ్డ సామీ. నా కూతురి బిడ్డ. నెలలు నిండకనే పుట్టె. ఇంతే ఉండాది." మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించింది. "మేను సల్లబడిపోతా ఉండాది. గంపలో దూది పరిచి పండబెట్టి, పైన బల్బు ఏలాడదీసినా. రేత్రి నుంచే కొంచెం పాలు మింగుతా ఉండాది."

"ఆస్పత్రికి తీసుకుపోవాలి గానీ ఇదేమి పని?"

"పెద్దాస్పత్రికి పట్టుకపొమ్మన్నారు సామీ. ఈ వానలో, బస్సులో, దారిలోనే పోతుంది. కూతురికీ జొరం." అని, తడిక పూర్తిగా తీసి పక్కకు జరిగింది. "వొచ్చి చూడు సామీ. ఒక్క తూరి తొంగి చూడు."

ఆ గుమ్మం నా భుజాల ఎత్తు కూడా లేదు. లోపలికి చూడాలంటే వంగాలి. వంగి ఆ ఇంట్లోకి తల పెట్టాలి. మా వాళ్ళెవరూ ఆ వీధిలో ఏ ఇంట్లోకీ తల పెట్టి ఎరగరు. నేను వంగలేదు.

"అందరూ ఇట్లాంటి కథే చెప్తారు" అన్నాను.

ఫ్యూజు పెట్టె బయటి గోడకే ఉంది. పింగాణీ ఫ్యూజు పట్టి లాగాను. లోపల వెలుతురు పోయింది. "అమ్మా" అని నీరసంగా ఒక ఆడగొంతు వినబడింది. బిడ్డ ఏడుపు వినబడలేదు. అంటే బిడ్డ లేదు అనుకున్నాను. అంత చిన్నబిడ్డకు ఏడవడానికి శక్తి ఉండదని నాకు అప్పుడు తెలియదు. తెలిస్తే ఆగేవాణ్ణని ఇప్పుడు నేను చెప్పినా నమ్మడానికి లేదు.

ఆమె తిట్టలేదు. కాళ్ళు పట్టుకోలేదు. ఫ్యూజు నా సంచిలోకి పోయేదాకా దాన్నే చూసింది.

"మళ్ళా ఎప్పుడిస్తావు సామీ?"

"మా పెద్దాయన చెప్పినప్పుడు."

"ఈ పొద్దు చెప్తాడా?"

నేను మోపెడ్ ఎక్కాను. చెంబు నీళ్ళు ఆ రోజు ఎవరూ పెట్టలేదు. ఆ వారం ఆఫీసులో నా పేరు చదివారు. పక్కవాళ్ళు వీపు తట్టారు.

మళ్ళీ రెండు నెలలకు గానీ ఆ ఊరికి వెళ్ళలేదు. మధ్యలో వెళ్ళవచ్చు, మోపెడ్ మీద ముప్పావుగంట. వెళ్ళలేదు. వెళ్ళినప్పుడు ముందుగా మా చుట్టం ఇంట్లో మీటరు రీడింగు తీశాను. ఆయనే చెప్పాడు. నేనే ఆ ఫ్యూజు తీశానని ఆయనకు తెలియదు.

"ఎవడో కరెంటాయన వొచ్చి పీకేసి పోయినాడంట బావా. ఆయమ్మ ఏం చేసిందంటావు? బిడ్డను రవికలో వేసుకోని, రొమ్ముకు ఆనించి, మీద చీరతో బిగించి కట్టుకుంది. పొయ్యిగోడకు వీపు ఆనించి కూసున్నది కూసున్నట్టే. తొమ్మిది రోజులు. కూతురు జొరంతో లేవలేదు. అక్కపక్కల వాళ్ళు కట్టెలిస్తే పొయ్యి ఆరకుండా ఎడమచేత్తో తోస్తా ఉన్నింది. ఆరో నాడో ఏడో నాడో కునుకు పట్టె. చెయ్యి నిప్పుల్లో పడె. లేస్తే బిడ్డ జారుతుందని చెయ్యి లాక్కోని అట్లే కూసుందంట. మందు వెయ్యడానికి కూడా లేవలే."

"బిడ్డ?" అన్నాను.

"బతికింది. అదే ఆశ్చర్యం."

నేను మీటరు వైపు తిరిగి, రాసిన అంకె మీదే మళ్ళీ రాశాను.

కాలనీకి నడిచి వెళ్ళాను. నా సంచిలో రెండు నెలలుగా ఆ ఫ్యూజు అలాగే ఉంది. ఆమె గుమ్మం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ళ మీద బిడ్డ. అగ్గిపెట్టె డబ్బాలు లేవు. ఎడమచేతి వేళ్ళు నాలుగూ ఒకదానికొకటి అతుక్కుని లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి, లేవబోయింది.

ఆ క్షణంలో చెప్పాల్సింది చాలా ఉంది. నేను ఫ్యూజు తీసి పెట్టెలో పెట్టి, "ఈసారికి వదిలేస్తున్నాను, ఇక మీద జాగ్రత్తగా ఉండు" అన్నాను. అదీ అరవంలోనే. తెలిసి కూడా, "చేతికేమైంది?" అని అడిగాను.

"పొయ్యి కాడ సామీ" అంది. అంతే చెప్పింది. తర్వాత, "సల్లగా ఉండు సామీ" అని దీవించింది.

ఆ చేతితో ఆమె మళ్ళీ డబ్బాలు అంటించలేకపోయింది. అది వేళ్ళ పని. ఎవరివో మేకలు కాసిందని, కళ్ళాల్లో ఊడ్చిందని విన్నాను. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఆ వీధికి వెళ్ళాను గానీ మోపెడ్ వేరేచోట ఆపాను. ఏడాది తిరక్కుండా, కడుపునొప్పి అని ఏదో సాకు చెప్పి, ఆ ఊళ్ళు వేరొకరికి మార్పించుకున్నాను. మా ఇంటి దొంగతీగ మాత్రం ఇంకా చాలా రోజులు ఉంది. దాన్ని ఎప్పుడు తీశానో చెబుతాను.

మా అమ్మాయిని విరుదునగర్‌లో ఇచ్చాము. ఆ ఫ్యూజు సంగతి జరిగిన పదేళ్ళకు దానికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. ఆస్పత్రిలో బిడ్డను గాజుపెట్టెలో పెట్టారు. పెట్టెకు పైన వేడినిచ్చే దీపాలు. నేను చూస్తుండగా నర్సు పెట్టె తెరిచి, బిడ్డను తీసి మా అమ్మాయి రొమ్ము మీద పడుకోబెట్టి, మీద గుడ్డ కప్పింది. "నీ ఒంటి వేడే దీనికి మందు. గాలి తగలనివ్వద్దు" అంది.

నేను నర్సును అడిగాను. "ఆ దీపాలు ఒక పూట ఆరిపోతే ఏమవుతుందమ్మా?"

ఆమె కోపంగా చూసింది. "అట్లాంటి మాటలు ఎందుకు సార్? ఒక గంట ఆరితేనే మేము పరుగులు పెడతాము."

వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. నా భార్య వచ్చి, "బిడ్డ బాగుందన్నారు కదా, ఎందుకట్లా ఉన్నారు?" అని అడిగింది. ఆ రాత్రే కోవిల్‌పట్టికి పోయి, ఆ తీగ కత్తిరించాను. మర్నాడు ఆ పల్లెకు బయలుదేరాను.

కాలనీలో కొన్ని ఇళ్ళకు సిమెంటు రేకులు వచ్చాయి. ఆమెదింకా తాటాకే. గుమ్మం ముందు కూర్చుని కుడిచేత్తో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. జుట్టు నెరిసింది. నేను దగ్గరికి పోయి, "బాగుండావా అమ్మా? నేను, కరెంటాఫీసు..." అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "నువ్వు తెలుగాయనా సామీ!" అంది. ముఖమంతా విప్పారింది. "ఇన్నేండ్లు నిన్ను అరవాయన అనుకుంటి. నేను చెప్పేది సగం అర్తం కాదేమో అనుకుంటా ఉంటి."

నేనన్నాను, "అమ్మా, నీ చేతి సంగతి మాట్లాడాలని వస్తి. ఆ పొద్దు నేను..."

అంతలో ఒక పిల్ల పుస్తకాల సంచితో బడి నుంచి వచ్చింది. పదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండకు కళ్ళు చికిలిస్తూ నిలబడింది. ఎవరో చెప్పకుండానే తెలిసింది. కొత్తమనిషి వచ్చాడని పక్కిళ్ళ వాళ్ళు నలుగురైదుగురు గుమ్మాల్లోంచి ఇవతలికి వచ్చారు.

"ఆ పొద్దు నువ్వు చెప్పినా నేను..." మళ్ళీ మొదలుపెట్టాను.

ఆమె ముడుచుకుపోయిన చెయ్యి నా వైపు ఎత్తి ఆపింది. గొంతు తగ్గించింది. "వొద్దు సామీ. బిడ్డ ముందర వొద్దు. దానికి తెలీదు. తెలిస్తే నా చెయ్యి చూసినప్పుడంతా ఏడుస్తుంది."

తర్వాత అందరికీ వినబడేట్టు పిల్లను పిలిచింది. "ఇట్రా పాపా. ఈ సామి ఎవరో తెల్సా? మన ఇంటికి కరెంటిచ్చిన సామి. ఆ ఎలుతుర్లోనే నువ్వు సదువుకుంటా ఉండేది. కాళ్ళకు మొక్కు."

పిల్ల సంచి కింద పెట్టి, వచ్చి, వంగింది. రెండు చేతులూ నా పాదాలను ముట్టుకున్నాయి. వెనక్కి జరగాలని నాకు తెలుసు. జరగలేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, బాగా చదువుకో అన్నాను.

చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో, "ఇన్నేండ్లయినా మరవకుండా వొచ్చినాడే, మంచి మనిషి" అన్నారు.

నేను కాదనలేదు.